లెన్నెక్ వైద్యుని జీవితము

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా కర్ణాటకమునకు చెందినదైనను, చాలవఱకు తెలుగునేలచేతనే చుట్టబడియున్నది. అచ్చటి జనులలో పెక్కండ్రు కచేరిలో కన్నడమును, ఇంట తెలుగును మాటలాడుదురు. వాన చాలని మెట్టపొలములు, వేరుసెనగ పైరు, వేసవిలో రేగెడు దుమ్ము, వంటయింటి పొగ - వీని నడుమ బ్రదుకు కూలివానికి దగ్గు పట్టుకొన్నచో మొదట శొంఠికషాయము, పిమ్మట అంగడి మందు, తుదకు వైద్యుడు. ఆ వైద్యుడు మెడనుండి గొట్టమును దీసి చెవులకు తగిలించుకొని, గాలి గట్టిగా పీల్చుమని చెప్పి, వీపున నొక్కొక్కచోట నానించి వినును. రోగి యాతని మొగమువంక చూచుచుండును. తన రొమ్ములో నేమి వినబడినదో, తన సంసారమున కేమి రానున్నదో ఆ మొగములో చదువుకొనవలెనని వాని యాత్రము. ఆ యరనిమిషమును మానవజాతికి ప్రసాదించిన వైద్యుని పేరు నూటికొకడైన నెఱుగునో లేదో!

ఆయన ఫ్రాన్సు దేశీయుడగు రెనే థియోఫిల్ యాసింత్ లెన్నెక్. స్తెతస్కోపును కనిపెట్టినవాడని ఆయనకు ప్రసిద్ధి. కాని దానికంటె గొప్పదైన యాయన దానము వేఱొకటి కలదు. రొమ్ములో పుట్టు ఏ చప్పుడు ఏ వికారమును తెలుపునో నిర్ణయించినవాడు ఆయనయే. గొట్టమును వడ్రంగి యెవడైనను చేయగలడు. దానిగుండ వినవచ్చుదాని కర్థము చెప్పుట కొక జీవితము వ్యయమయ్యెను. అది దీర్ఘమైన జీవితమును గాదు. ఏ రోగమును చెవితో గుర్తించుట ఆయన లోకమునకు నేర్పెనో ఆ రోగమే నలువదియైదవ యేట ఆయనను గొనిపోయెను.

లెన్నెక్ 1781 సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన బ్రిటనీ ప్రాంతమున కెంపేర్ పట్టణమందు జన్మించెను. ఐదేండ్ల ప్రాయమున తల్లి గతించెను. తండ్రి న్యాయవాది, మాటకారి, కవిత్వప్రియుడు, ధనవిషయమున నిలుకడ లేనివాడు, బిడ్డల పోషణభారము వహింపజాలక వారిని బంధువుల కప్పగించెను. బాలుడు 1788లో నాంత్ నగరమున పినతండ్రి గియోం లెన్నెక్ ఇంట చేరెను. గియోం ఆ నగరమున పేరుగన్న వైద్యుడు. తండ్రివలన పొందని వాత్సల్యమును బాలుడు ఆ యింట పొందెను. కాని ఆ కాలము శాంతికాలము గాదు. ఫ్రెంచి విప్లవము చెలరేగి, నాంత్ నగరవీథులలో శిరచ్ఛేదయంత్రము నిలువబడెను. 1793లో పరిసరప్రాంతము అంతర్యుద్ధమున తగులబడెను. ఆసుపత్రులు గాయపడినవారితో నిండిపోయెను. పదునాలుగేండ్ల వయస్సునకే లెన్నెక్ పినతండ్రి వెంట ఆసుపత్రిలో పుండ్లు కట్టుట నేర్చెను.

కుమారుడు వైద్యుడగుట తండ్రి కిష్టము లేకుండెను. తీరిక వేళలలో గ్రీకుభాషను చదువుచు, పిల్లనగ్రోవి నూదుచు, పద్యములు వ్రాయుచు లెన్నెక్ కొంతకాలము ఊగిసలాడెను. తుదకు 1801లో చేతిలో స్వల్పధనముతో పారిస్ నగరము చేరి, షారితే ఆసుపత్రిలో కోర్విసార్ వైద్యుని శిష్యుడయ్యెను. కోర్విసార్ నెపోలియనుకు ఆస్థానవైద్యుడు. రెండేండ్లు తిరుగకమునుపే, 1803లో, వైద్యమునందును శస్త్రచికిత్సయందును లెన్నెక్ ప్రథమ బహుమానములు పొందెను. 1804లో హిపొక్రటీసు సిద్ధాంతములపై వ్యాసము వ్రాసి వైద్యపట్టమును గైకొనెను. బక్కపలుచని దేహము, పొట్టి యాకృతి, మాటిమాటికి వచ్చు ఆయాసము గల ఆ యువకుడు ఇంత పని యెట్లు చేయుచుండెనో తోడివారికి వింతగా నుండెను.

ఆనాటి వైద్యునికి రొమ్ములోని స్థితి నెఱుంగు మార్గములు చాల కొద్ది. నాడి చూచుట, నాలుక చూచుట, రోగి చెప్పినది వినుట - ఇంతియే. చెవిని రొమ్మున కానించి వినుట హిపొక్రటీసు కాలమునుండియు నున్నను దాని నెవ్వరును శాస్త్రముగా సాగింపలేదు. 1761లో ఆస్ట్రియా దేశీయుడగు ఔయెన్‌బ్రుగ్గర్ రొమ్మును వ్రేళ్లతో తట్టి, ఆ ధ్వనిని బట్టి లోన గాలి యున్నదో నీరున్నదో తెలిసికొనవచ్చునని చిన్న గ్రంథము ప్రకటించెను. ఆయన తండ్రి పూటకూటియిల్లు నడుపువాడు. కుండను కొనునప్పుడు మన స్త్రీలు వ్రేలితో కొట్టి చూచుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఆ గ్రంథము నలువదియైదేండ్లకు పైగా మఱుగుపడియుండగా, 1808లో కోర్విసార్ దానిని ఫ్రెంచిభాషలోనికి తెచ్చెను. లెన్నెక్ సహాధ్యాయియు స్నేహితుడునగు బేల్ తొమ్మిదివందల శవములను పరీక్షించి 1810లో క్షయనుగూర్చి గ్రంథము వ్రాసెను. చచ్చినవాని ఊపిరితిత్తులలో నేమున్నదో తెలియవచ్చెను. బ్రదికియున్నవానిలో నెట్లు తెలియుననునదియే తేలని ప్రశ్న.

ఈ నడుమ లెన్నెక్‌కు ఉద్యోగములు చేజారుచునే యుండెను. తమ్ముడు మిషో 1810లో క్షయచే మరణించెను. నెపోలియను యుద్ధముల తుదిదినములలో పారిస్ ఆసుపత్రులు సైనికులతో నిండిపోగా, బ్రిటనీనుండి వచ్చిన పడుచువాండ్ర దైన్యము లెన్నెక్ హృదయమును కదిలించెను. వారికి బ్రెటన్ భాషయే గాని ఫ్రెంచి రాదు. నొప్పి యెచ్చట నున్నదో చెప్పుకొన దిక్కులేక, ఇంటిబెంగతో కృశించి పోవుచుండిరి. లెన్నెక్ అధికారులను వేడి వారిని ప్రత్యేకముగా నుంచు వార్డుల నేర్పఱిపించి, వారి భాషలో వారితో మాటలాడి చికిత్స చేసెను. రోగి పలుకు వినబడనిచోట వైద్యము సాగదని ఆయన గ్రహించినది గొట్టమును కనిపెట్టుటకు రెండేండ్లు ముందే. ఒక భాషతో కచేరికి పోయి వేఱొక భాషలో బాధపడు సరిహద్దు తాలూకాలవారి కీ సంగతి వివరింప నక్కఱలేదు.

1816లో ఆయన నెకేర్ ఆసుపత్రికి వైద్యుడుగా నియమింపబడెను. ఆ సంవత్సరముననే హృద్రోగలక్షణములు గల యొక యువతి ఆయనయొద్దకు వచ్చెను. స్థూలకాయ యగుటచే తట్టి చూచుటవలన ఫలము లేకపోయెను. పడుచుపిల్ల యగుటచే రొమ్మున చెవి యానించుట మర్యాద గాదు. అప్పుడాయనకు శబ్దశాస్త్రములోని యొక సామాన్యవిషయము జ్ఞప్తికి వచ్చెను: దూలమునకు ఒక కొనయందు గుండుసూదితో గీచినచో రెండవ కొనయందు చెవి యానించినవానికి ఆ చప్పుడు స్పష్టముగ వినబడును. వెంటనే కాగితముల దస్తానొకదానిని బిగువుగా చుట్టి, ఒక కొనను రోగి రొమ్మున నుంచి, రెండవ కొనకు చెవి నానించెను. నేరుగా చెవి పెట్టినదానికంటె హెచ్చు స్పష్టముగా గుండె చప్పుడు వినవచ్చెను.

ఇంతటితో తృప్తిపడువాడు కాడు లెన్నెక్. గాజు, లోహము, కాగితము, కొయ్య - పెక్కు పదార్థములను పరీక్షించి, తేలికపాటి కొయ్యయే మేలని నిశ్చయించెను. తన యింటనే తరిమెనపట్టి అడుగు పొడవుగల గొట్టమును స్వయముగా చేసికొనెను. ఊపిరి వినునప్పుడు తీసివేయుటకును, గుండె వినునప్పుడు చొప్పించుటకును దాని కొనయందు బిరడా యొకటి యుండెను. గ్రీకుభాషలో రొమ్ము, చూపు అను నర్థములిచ్చు పదములను కలిపి స్తెతస్కోపను పేరు పెట్టెను. రొమ్ములోనికి చూచునది యని భావము. చెవిచే గ్రహించుదానికి చూపు పేరు పెట్టుట యథార్థమే. శవపరీక్షలో కన్ను చూచినదానినే బ్రదికియున్నవానిలో చెవి చూపవలెనని గదా ఆయన యాశయము!

పిమ్మటి మూడేండ్లు ఆయన జీవితములో శ్రేష్ఠములు. పగలెల్ల రోగులయొద్ద కూర్చుండి వినును. విన్నదానిని వెంటనే వ్రాసికొనును. రోగి మరణించినచో దేహమును పరీక్షించి, తాను విన్న చప్పుడునకు కారణమగు వికారము అచ్చట నున్నదో లేదో సరిచూచును. తప్పినచో తప్పినదనియే వ్రాసికొనును. ఇట్లు వందలకొలది రోగుల యెడల చెవికిని కంటికిని సాక్ష్యము కుదిర్చి, రొమ్ములోని ధ్వనుల కాయన మొట్టమొదటి నిఘంటువును నిర్మించెను.

ఆ నిఘంటువును మన యిండ్లలోని చప్పుళ్లతోనే తెలిసికొనవచ్చును. ఆరోగ్యవంతుని ఊపిరి ఆకులలో మెల్లగా వీచు గాలివంటిది. కాలిన పెనముమీద ఉప్పు చల్లినచో చిటపటలాడునే, అట్టి సన్నని చప్పుడు ఊపిరి పీల్చునప్పుడు వినబడినచో న్యుమోనియా ప్రారంభమైనదనిగాని, ఊపిరితిత్తులలో నీరూరినదనిగాని ఆయన గ్రహించెను. ఉప్పు పోలిక ఆయనదే. హుక్కాలో నీరు గళగళలాడు చప్పుడు శ్వాసనాళములలో కఫము నిండినదనుటకు గుర్తు. గురకవంటి, పావురపు కూతవంటి బొంగురు ధ్వని పెద్దనాళములు ఇఱుకైనవని తెలుపును. తెలుగువారు పిల్లికూతలని చెప్పు సన్నని యీలపాట చిన్ననాళములు ముడుచుకొన్నవని తెలుపును. ఉబ్బసమున వినబడునది యిదియే.

మఱికొన్ని ధ్వనులు రోగి మాటలాడినప్పుడు పుట్టును. ఊపిరితిత్తిలో క్షయ తొలిచిన గుహ యున్నచో, గొట్టము పెట్టినచోటినుండియే రోగి పలుకుచున్నట్లు మాట నేరుగా వైద్యుని చెవిలో పడును. ఊపిరితిత్తి చుట్టునున్న పొరలనడుమ నీరు చేరినచో మాట వణకి మేక యఱపువలె వినవచ్చును. మందను తోలుకొనిపోవు గొల్లవాని కిది వేఱుగ చెప్పనేల? ఆ పొరలలో గాలియు నీరును కలిసియున్నచో లోహపుగిన్నెలో ఇసుకరేణువు పడినట్టి మ్రోత పుట్టును. వాచిన పొరలు రెండును ఒరసికొన్నచో కొత్తచెప్పుల కిఱ్ఱువంటిది వినబడును. కొన్నిచోట్ల నేమియు వినబడకపోవుటయే యొక గుర్తు. తీవ్రమైన ఉబ్బసమున పిల్లికూతలు తగ్గి రొమ్ము మౌనము వహించినచో అది నెమ్మది గాదు, గాలి కదలుటయే యాగిపోవుచున్నదని నేటి వైద్యులు తొందరపడుదురు.

ఇచ్చట లెన్నెక్ స్వభావమును తెలుపు ముచ్చట యొకటి కలదు. ఈ వికృతధ్వనుల నన్నిటిని ఆయన ఫ్రెంచిభాషలో రాల్ అను పదముతో వ్యవహరించెను. కాని సామాన్యజనుల వాడుకలో ఆ మాటకు మరణసమయమున గొంతులో పుట్టు గురగుర యని యర్థము. మంచముప్రక్కన నిలిచి వైద్యుడా మాట పలికినచో రోగి తన యవసానకాలము సమీపించినదని హడలిపోవును. కనుక రోగియెదుట ఆ మాటను విడిచి, దానికి మారుగా రాంకస్ అను లాటిన్ పదమును వాడుచుండెను. రెండును ఒకే యర్థము గలవి. రోగి గుండెను కాపాడుటకై చేసిన యీ మార్పు, గ్రంథము 1821లో ఫోర్బ్స్ వైద్యునిచే ఇంగ్లీషులోనికి వచ్చిన పిమ్మట, రెండు పదములు రెండు వేర్వేఱు ధ్వనులకు పేర్లను భ్రమకు దారితీసెను. ఆ చిక్కును 1957లో లాన్సెట్ పత్రికలో విమర్శకులు చర్చించిరి. 1977లో అమెరికా వక్షోవైద్యసంఘము చిటపటలకు క్రాకిల్సనియు, పిల్లికూతలకు వీజులనియు తేట పేర్లను నిర్ణయించెను. ఒక దయాళువు పలికిన మాటకు అర్థము సరిదిద్దుకొనుటకు లోకమునకు నూటయేబదియేండ్లు పట్టెను.

1818 ఫిబ్రవరిలో లెన్నెక్ తన పరిశోధనలను పారిస్ విజ్ఞానపరిషత్తునకు నివేదించెను. 1819లో రెండు సంపుటముల గ్రంథము వెలువడెను. శ్వాసనాళములు సాగి చీముగుంటలగుట, ఊపిరితిత్తులు గాలితో నుబ్బి బిగిసిపోవుట మున్నగు వ్యాధులు ఆ గ్రంథముననే సుస్పష్టముగా వర్ణింపబడినవి. పలువిధములని తలచిన క్షయరూపములన్నియు ఒకే గ్రంథికి వేర్వేఱు దశలని ఆయన స్థాపించెను. ఎదిరించినవారు లేకపోలేదు. వ్యాధులన్నిటికి తాపమే మూలమనియు, జలగలే మందనియు బోధించు బ్రూసే ఆయనను తీవ్రముగా ఖండించెను. వైద్యుడు కొయ్యగొట్టము పట్టుకొని తిరుగుట హాస్యాస్పదమని నవ్వినవారును గలరు. అయినను ఐరోపా ఖండపు నలుమూలలనుండి విద్యార్థులు ఆయన వార్డునకు రాసాగిరి.

గ్రంథము ముగియునప్పటికి గ్రంథకర్త దేహము శిథిలమయ్యెను. 1819లోనే పారిస్ విడిచి బ్రిటనీలో కెర్లువార్నెక్ అను తన పల్లెయింటికి పోయి, చెట్లు నాటించుచు, గుఱ్ఱపుస్వారి చేయుచు రెండేండ్లు గడిపెను. కొంత తేఱుకొని మరలివచ్చి 1822లో కాలేజ్ దె ఫ్రాన్సులో ఆచార్యుడును, పిమ్మట షారితేలో గురువు కూర్చుండిన పీఠమునకే అధిపతియు నయ్యెను. 1824లో జాక్కెత్ ఆర్గూ అను వితంతువును వివాహమాడెను.

మహనీయుల చరిత్ర వ్రాయువారు వారి లోపములను దాచుట సత్యమునకు ద్రోహము. లెన్నెక్ రాజపక్షపాతి. 1822 నవంబరులో ప్రభుత్వము పారిస్ వైద్యకళాశాలను మూసి, ఉదారభావములుగల పలువురు ఆచార్యులను తొలగించి, మరల తెఱచినప్పుడు ఆ మార్పువలన లాభము పొందినవారిలో ఆయన యొకడు. ఇంతకంటె గొప్ప పొరపాటు శాస్త్రవిషయమున జరిగెను. క్షయ అంటురోగమని ఆయన గట్టిగా నమ్మలేదు. మనోవ్యథ, దీర్ఘశోకము దానికి ముఖ్యకారణములని తలచెను. తల్లిలేక పెరిగి, తమ్ముని పోగొట్టుకొని, 1816లో బేల్‌ను సయితము అదే రోగమున కర్పించిన వాని కట్టి తలంపు కలుగుట వింతగాదు. కాని మూయని కిటికీలు లేని వార్డులలో, శవముల నడుమ, దగ్గువారి మొగములకు మూరెడు దూరమున కూర్చుండి ఏండ్లతరబడి వినిన యాయన, తనకు ముప్పెచ్చటనుండి వచ్చుచున్నదో ఎఱుగకయే దాని నెదుర్కొనెను. యౌవనమున క్షయసోకిన వెన్నెముకను కోయుచుండగా ఱంపము తగిలి ఆయన వ్రేలికి గాయమై గ్రంథి లేచినది. దానిని మందుతో మాన్చుకొని మఱచిపోయెను.

1826లో గ్రంథము రెండవ ముద్రణమును సిద్ధపఱచు శ్రమతో జ్వరము, దగ్గు, ఆయాసము ముదిరెను. బంధువును శిష్యుడునగు మెరియాదెక్ అను యువవైద్యుడు ఆయన రొమ్మునకు గొట్టము నానించి తాను విన్నదానిని చెప్పెను. చెప్పినవాని కంటె విన్నవానికే దాని యర్థము బాగుగ తెలియును. ఆ చప్పుళ్లకు పేర్లు పెట్టినవాడు తానే గదా! మే నెల తుదిని పారిస్ విడిచి, భార్యతో కెర్లువార్నెక్ చేరి, అచ్చటనే 1826 ఆగస్టు 13వ తేదీన కన్నుమూసెను. మరణశాసనమున మెరియాదెక్‌కు తన గడియారమును, ఉంగరమును, కాగితములను వ్రాసియిచ్చుచు, వానియన్నిటికంటె విలువైనది తన స్తెతస్కోపేయని తెలిపెను.

ఆయన యనంతరము 1882లో కోఖ్ క్షయక్రిమిని కనుగొని, అది అంటురోగమని నిరూపించెను. 1895లో రంట్జెన్ కిరణములు రొమ్ములోనికి నిజముగనే చూపు నిచ్చెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ పుట్టెను. చప్పుడొక్కటియే సర్వమును చెప్పజాలదని మన తెలుగునేలయే యొక నిదర్శనమిచ్చినది. మదనపల్లెయొద్ద ఆరోగ్యవరమున 1915లో వెలసిన క్షయవైద్యశాలలో, పిల్లికూతలతోను దగ్గుతోను వచ్చిన కొందఱు క్షయరోగులవలె కనబడినను క్షయరోగులు గారనియు, వారి రక్తమున ఇయోసినోఫిల్ కణములు మిక్కుటముగా నున్నవనియు ఫ్రిమోట్ మొల్లర్, బార్టన్ వైద్యులు 1940లో ప్రకటించిరి. అది బోదకాలు క్రిమికి దేహము చూపు ప్రతిక్రియ యని తరువాత తేలినది. దానికి పనిచేయు మందు, భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున 1947లో అమెరికాలో వెలువడిన హెట్రజాన్. విని ఊరకుండక, విన్నదానిని వేఱొక సాక్ష్యముతో సరిచూడవలెనను లెన్నెక్ మార్గమే యిది.

కాని వినువాడే లేనిచో? 1960 ప్రాంతమున బెంగుళూరులోని జాతీయ క్షయరోగ సంస్థవారు తుమకూరు జిల్లాలో క్షయను పరిశోధించిరి. పావగడ ఆ జిల్లాలోనిదే. అందు బెనర్జీ, ఆండర్సన్ అనువారు 1963లో ప్రకటించిన విషయము నేటికిని మఱువరానిది. పల్లెజనులు అజ్ఞానులు, రోగమును లెక్కచేయరను మాట తప్పని తేలెను. క్షయరోగులలో మిక్కిలి పెద్దభాగము తమ బాధను తామెఱిగియే యుండిరి. దాదాపు సగముమంది అప్పటికే ఆధునికవైద్యశాల గడప త్రొక్కియుండిరి. వారిలో పలువురకు దొరికినది దగ్గుమందు సీసా మాత్రమే. రోగి వచ్చెను, దగ్గెను, వినవలసినవారు వినలేదు. ఈ సత్యమును బట్టియే, దగ్గుతో వచ్చినవాని కఫమును సామాన్యవైద్యశాలలోనే పరీక్షింపవలెనను పద్ధతి దేశీయ క్షయనివారణ పథకమునకు పునాది యయ్యెను. ఇంటనుండియే మందు పుచ్చుకొని క్షయను కుదుర్చుకొనవచ్చునని 1959లో మద్రాసు పరిశోధన నిరూపించియుండుటచే, శానిటోరియమునకు పోజాలని బీదవానికిని ఆశ కలిగెను.

నేడు రెండు వారములకు మించిన దగ్గు గలవానికి ప్రభుత్వవైద్యశాలలో కఫపరీక్షయు మందులును ఉచితములు. గొట్టము ప్రతి వైద్యుని మెడలోను కలదు. కొఱత పడునది యరనిమిషపు ఓపిక. రద్దీలో చొక్కామీదనే ఒక్కచోట తాకించి తీసివేయు గొట్టము లెన్నెక్ గొట్టము గాదు. అది మెడలోని యాభరణము. బ్రెటన్ సైనికుని మంచముకడ వాని భాషలో మాటలాడి, వాని రొమ్మును విని, భయపెట్టు మాటను నోట రానీయక, తప్పినచో తప్పినదని వ్రాసికొన్నవాడు లెన్నెక్. పావగడ పల్లెలో దగ్గుచున్న కూలివాడు కోరునదియు అంతియే: తన మాట నొకరు వినవలెను, తన ఊపిరి నొకరు వినవలెను, విన్నదానిని సరిచూడవలెను. ఆ మహనీయునికి మనము చెల్లింపదగిన ఋణము అదియొక్కటియే.